ఏడన్న బతుకుతడు

బాసర సరస్వతి గుడిలో వసంత పంచమి నాడు తెల్లవారకముందే అక్షరాభ్యాసానికి వరుసలు కడతారు. తల్లి ఒళ్లో పిల్ల, పక్కన తండ్రి, ముందు పలక. పిల్ల వేళ్ల మధ్య బలపం నిలవదు, ఇంకా అంత పట్టు రాలేదు. అందుకని పెద్ద చెయ్యి వచ్చి ఆ చిన్న చేతిని పిడికిలి మొత్తంగా పట్టుకుంటుంది, రెండు చేతులూ కలిసి ఓంకారం దిద్దుతాయి. కూతురైనా కొడుకైనా ఆ పట్టుకోవడంలో తేడా ఉండదు. గోదావరి ఒడ్డున, నిర్మల్ జిల్లాలో ఉన్న ఈ గుడికి తెలంగాణ నలుమూలల నుంచీ, మహారాష్ట్ర నుంచీ తల్లిదండ్రులు వస్తారు. ఖర్చు పెట్టుకుని, పిల్లను ఎత్తుకుని, వరుసలో నిలబడి చదువు మొదలుపెట్టిస్తారు. చదువు మీద ఈ ప్రాంతానికి ఆశ లేదని ఎవరూ అనలేరు. ఈ అధ్యాయంలో చూడవలసింది ఆ తరువాతి కథ. పట్టుకున్న ఆ చేతిని మనం ఎప్పుడు వదిలేస్తున్నాం, కొడుకు విషయంలో కాస్త ముందుగానే వదిలేస్తున్నామా అన్నది ప్రశ్న.

లెక్కలతో మొదలుపెడదాం. 2023లో తెలంగాణ పదో తరగతి పరీక్షల్లో అమ్మాయిలు 88.53 శాతం, అబ్బాయిలు 84.68 శాతం పాసయ్యారు. తేడా నాలుగు శాతం కూడా లేదు. అదే బ్యాచ్ పిల్లలు ఇంటర్‌లో చేరి 2024 మార్చిలో మొదటి సంవత్సరం పరీక్షలు రాశారు. అమ్మాయిలు 68.35 శాతం, అబ్బాయిలు 51.5 శాతం పాసయ్యారు. తేడా దాదాపు పదిహేడు శాతానికి పెరిగింది. అదే ఏడాది రెండో సంవత్సరం ఫలితాల్లోనూ అమ్మాయిలు 72.53, అబ్బాయిలు 56.1. ఇంటర్ పరీక్ష పదో తరగతి కంటే కష్టం, కాబట్టి అందరి శాతమూ తగ్గుతుంది, అందులో వింత లేదు. అమ్మాయిల శాతం ఇరవై తగ్గితే అబ్బాయిలది ముప్పై మూడు తగ్గింది. పన్నెండు నెలల్లో నాలుగు శాతం తేడాను పదిహేడు చేసింది ఏమిటి? మగపిల్లల చదువు గురించి మాట్లాడేవాళ్లంతా జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం.

ఈ ప్రశ్నకు మొదటి ఆధారం నిర్మల్ జిల్లాలోనే ఉంది. 2023లో 99 శాతం ఉత్తీర్ణతతో పదో తరగతిలో ఈ జిల్లా రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. 2024లో 99.05 శాతంతో మళ్లీ మొదటి స్థానం. 2016 అక్టోబరులో పాత ఆదిలాబాద్ నుంచి విడివడి ఏర్పడిన జిల్లా ఇది. బీడీలు చుట్టే ఇళ్లు, పత్తి చేలు, గల్ఫ్ వలసలు ఉన్న నేల. ఇక్కడ చిన్న లెక్క ఒకటి చేసి చూడండి. 2024లో తప్పినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. పరీక్ష రాసినవాళ్లలో సగం మంది అబ్బాయిలనుకుని, తప్పిన ప్రతి ఒక్కరూ అబ్బాయే అనుకున్నా, అబ్బాయిల ఉత్తీర్ణత 98 శాతానికి తగ్గదు. ఆ ఏడాది రాష్ట్రంలో అబ్బాయిల సగటు 89.42. అంటే నిర్మల్‌లో అబ్బాయిలు రాష్ట్రం మొత్తం మీద అమ్మాయిల సగటు 93.23ని కూడా దాటిపోయారు. అబ్బాయిల స్వభావంలోనే చదువుకు అడ్డమైనది ఏదో ఉందని వాదించేవాళ్లు ఈ అంకెను పక్కన పెట్టి ముందుకు పోలేరు.

స్వభావం వాదాన్ని తీసిపారేయాలని కాదు, దానికీ నిజమైన ఆధారాలున్నాయి. అమ్మాయిలకు యౌవనం అబ్బాయిల కంటే ఒకటి రెండేళ్లు ముందే వస్తుంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు వందల మంది పిల్లల మెదళ్లను ఏళ్ల తరబడి స్కాన్ చేసి 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మెదడు మొత్తం పరిమాణం అమ్మాయిల్లో సుమారు పదిన్నరేళ్లకు, అబ్బాయిల్లో సుమారు పద్నాలుగున్నరేళ్లకు గరిష్ఠానికి చేరుతుంది. పరిమాణం తెలివికి కొలత కాదు. కాని ఒకే బెంచీ మీద కూర్చున్న పద్నాలుగేళ్ల అమ్మాయి, అబ్బాయి ఎదుగుదలలో ఒకే మెట్టు మీద ఉండకపోవచ్చని మాత్రం అది చెబుతుంది. కెనడాకు చెందిన డేనియల్ వోయర్, సూసన్ వోయర్ 1914 నుంచి 2011 దాకా జరిగిన అధ్యయనాలను పోగుచేసి 2014లో చూపించింది ఇంకా ముఖ్యం. బడిలో ఉపాధ్యాయులు వేసే మార్కుల్లో అమ్మాయిలు దాదాపు అన్ని సబ్జెక్టుల్లోనూ ముందున్నారు, ఆ ఆధిక్యం ఈ వందేళ్లలో పెద్దగా మారలేదు. భాషల్లో తేడా ఎక్కువ, లెక్కల్లో తక్కువ. కాబట్టి ఫోన్లు వచ్చాకే మగపిల్లలు చెడిపోయారనే మాట చరిత్రకు నిలవదు. అయితే వందేళ్ల ఆ తేడా మొత్తం మీద చిన్నది. చిన్న తేడాను పెద్దది చేసేది ఏమిటన్నదే మన వెతుకులాట. మెదడు ఏడాదిలో అంతగా మారదు, అబ్బాయి చుట్టూ ఉన్న ఏర్పాటు మారుతుంది.

ఆ చిన్న తేడా దేనిలో ఉందో ఏంజెలా డక్‌వర్త్, మార్టిన్ సెలిగ్మన్ 2006లో ఎనిమిదో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనం కొంత తేల్చింది. తెలివితేటల పరీక్షలో అమ్మాయిలు ముందు లేరు. హోంవర్క్ ముందేసుకుని కూర్చోవడం, ఆటకు పిలుపొచ్చినా పని ముగించి లేవడం, చెప్పింది మరిచిపోకుండా చేయడం, వీటన్నిటినీ కలిపి స్వీయ నియంత్రణ అంటాం. అందులో అమ్మాయిలు ముందున్నారు, మార్కుల్లో తేడాకు చాలావరకు అదే కారణం. అంతర్జాతీయ పీసా పరీక్షల 2012 సమాచారంలో కూడా పదిహేనేళ్ల అబ్బాయిలు అమ్మాయిల కంటే వారానికి గంట తక్కువగా హోంవర్క్ చేస్తున్నట్టు తేలింది. దీన్నిబట్టి ఒక అంచనా వేయవచ్చు. స్వీయ నియంత్రణ ఇంకా కుదురుకోని పిల్లవాడికి బయటి నుంచి క్రమం ఉంటే అతను నిలబడతాడు. బయటి క్రమం ఒక్కసారిగా తీసేస్తే అమ్మాయి కంటే అతనే ఎక్కువ పడిపోతాడు. పది నుంచి ఇంటర్‌కు వచ్చేసరికి సరిగ్గా అదే కనిపిస్తోంది.

పదో తరగతిలో ప్రభుత్వ బడి పిల్లవాడి రోజు ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. చలికాలం, ఉత్తర తెలంగాణ చలి, పొగమంచు ఇంకా విడవలేదు. మెడకు మఫ్లరు చుట్టుకుని పొద్దున్నే స్పెషల్ క్లాసుకు వస్తాడు. ఆ తరువాత మామూలు బడి, సాయంత్రం మళ్లీ స్పెషల్ క్లాసు. నిన్న చెప్పిన పాఠం మీద ఈరోజు స్లిప్ టెస్ట్, అందులో తప్పింది రేపు మళ్లీ రాయాలి. వెనకబడిన పిల్లలను పేరుపేరునా సార్లకు, మేడమ్‌లకు అప్పగిస్తారు. రెండు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ వస్తుంది, కొన్నిసార్లు సారే వాడకట్టుకు వచ్చి తలుపు కొడతాడు. ప్రీఫైనల్ మార్కులు తల్లికి చూపించి సంతకం పెట్టించుకుంటారు. పిల్లవాడికి ఇది విసుగే. అయినా తను రాకపోతే గమనించే మనిషి ఒకరున్నారని అతనికి రోజూ తెలుస్తుంది. జూన్‌లో ఇంటర్‌లో చేరతాడు. ఊరు నుంచి బస్సులో పట్టణానికి ప్రయాణం, తెలియని ముఖాలు, పెద్ద తరగతి, కొత్త మీడియం, ఒక్కసారిగా పెరిగిన సిలబస్. హాజరు పట్టీలో గైర్హాజరు పడుతుంది, ఇంటికి మాత్రం ఎవరూ రారు. బస్సు దిగి కాలేజీ దాకా పోవచ్చు, పోకపోనూవచ్చు. అమ్మాయికీ ఇదే కాలేజీ, ఇవే పాఠాలు. కాని ఆమె ఏ బస్సెక్కింది, ఎన్నింటికి దిగింది అన్నది ఇల్లంతా లెక్క పెడుతూనే ఉంటుంది.

పది పాసైన మగపిల్లల్లో చురుకైనవాళ్లు పాలిటెక్నిక్‌కూ, బాసర ట్రిపుల్ ఐటీకీ, ఐటీఐకీ వెళ్లిపోతారని, ఇంటర్‌లో మిగిలినవాళ్లను మాత్రమే అమ్మాయిలతో పోల్చడం న్యాయం కాదని అనేవాళ్లున్నారు. ఈ అభ్యంతరంలో కొంత నిజం ఉంది. పైగా అమ్మాయిలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. 2004లో మొదలైన ఆ హాస్టల్ బడుల్లో చాలావాటిని మన రాష్ట్రంలో ఇంటర్ దాకా పెంచారు. అక్కడ ఉండే క్రమం వాళ్ల ఫలితాలను కొంత పైకి లేపుతుంది. కాని ఆ రెండో మాట నా వాదానికే బలం. క్రమం ఉన్నచోట ఫలితం వస్తుందనే కదా దాని అర్థం. ఇక ట్రిపుల్ ఐటీ సంగతి. 2008లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయంలో సీట్లు పదో తరగతి ఫలితాలను బట్టే ఇస్తారు. ఇటీవలి ఏళ్లలో అక్కడ అమ్మాయిలే ఎక్కువ. అబ్బాయిల్లో మేటివాళ్లంతా అటు పోయారన్న మాట అందువల్ల నిలవదు. ఎవరు ఎటు పోయారన్నది పదిహేడు శాతంలో కొంత భాగాన్ని వివరించవచ్చు, మొత్తాన్ని వివరించలేదు.

నిర్మల్ విజయానికీ ఒక హద్దు ఉంది, దాన్ని దాచిపెట్టడం మంచిది కాదు. పాస్ కావడం వేరు, నేర్చుకోవడం వేరు. పదకొండు పేపర్లను ఆరుకు తగ్గించిన తరువాత వచ్చిన ఫలితాలివి. బట్టీ పట్టించి, ముఖ్యమైన ప్రశ్నలు గుర్తుపెట్టించి గట్టెక్కించవచ్చు. గట్టెక్కిన పిల్లవాడు ఇంటర్‌లో మునిగితే మొదటి విజయం ఎంత విలువైనదని అడిగేవాళ్లను తప్పుపట్టలేం. నా జవాబు ఇది. స్లాబు పోసినవాళ్లెవరూ మర్నాడే సెంట్రింగ్ విప్పరు. నీళ్లు కట్టి, రోజులు లెక్కపెట్టి, కాంక్రీటు తన బరువు తాను మోయగలదన్నాకే ఒక్కొక్క పోటు తీస్తారు. పదో తరగతిలో మనం కట్టింది మంచి సెంట్రింగే. తప్పంతా ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రమే దాన్ని మొత్తం విప్పేయడంలో ఉంది. ఆ ఏడాదంతా పిల్లవాడి టైంటేబుల్ సార్లే వేశారు, తను వేసుకోవడం ఎవరూ నేర్పలేదు. నేర్పితే వస్తుందా? వస్తుందనే ఆధారం ఉంది. 2011లో డక్‌వర్త్, మరికొందరు కలిసి హైస్కూలు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పరీక్షకు తయారవుతున్న పిల్లల్లో సగం మందితో చిన్న రాత పని చేయించారు. నీకేం కావాలి, దానికి అడ్డం వచ్చేది ఏమిటి, అది వచ్చినప్పుడు ఏం చేస్తావు అని రాయించారు. అంతే. వాళ్లు మిగతావాళ్ల కంటే అరవై శాతానికి పైగా ఎక్కువ అభ్యాస ప్రశ్నలు చేశారు. "అన్నం తిన్నాక దోస్తులు పిలుస్తరు, అప్పుడు ఒక లెక్క అయినంక వస్తనంట" అని కాగితం మీద రాసుకున్న పిల్లవాడికి ఆ పిలుపు వచ్చినప్పుడు జవాబు సిద్ధంగా ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఇంటికి వద్దాం. మన ఊళ్లలో మగపిల్లవాడి గురించి ప్రేమతో అనే మాట ఒకటుంది: "మొగపిలగాడు, ఏడన్న బతుకుతడు." ఆ మాటలో నమ్మకముంది, ధైర్యముంది. పేదింట్లో కొడుకు మీద బెంగను తగ్గించుకునే ఉపాయమూ ఉంది. కాని ఆచరణలో ఆ మాట చేసే పని వేరు. పిల్లవాడు పొద్దుగూకాక ఎక్కడున్నాడో అడగనక్కర లేదనిపిస్తుంది, పుస్తకం ఎందుకు తెరవలేదో అడగనక్కర లేదనిపిస్తుంది. అమ్మాయి సంగతి చూడండి. 2019లో జాతీయ గణాంక సంస్థ చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించేదీ, కట్టలు కట్టేదీ ఎక్కువగా కూతురే. అంత పని చేసి, మిగిలిన గంటలోనే చదివి, ఆమె ముందుంటోంది. పని లేని కొడుకు వెనకబడుతున్నాడు. ఖాళీ సమయమే చదువు కాదని దీన్ని మించి చెప్పేది లేదు. ఆడపిల్లను ఇంటికి కట్టేయడం అన్యాయం, అది పోవాలి. కాని ఆ అన్యాయంలో ఒక మూల ఆమెకు ఒక గడియారమూ, ఒక బాధ్యతా, కనిపెట్టుకుని ఉండే మనిషీ దొరికారు. ఇవి అన్యాయం లేకుండా కూడా ఇవ్వగలిగినవే, కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ. బువ్వ తిన్న కంచం తను కడుక్కోవడం, చెల్లెలి చేత ఒక పాఠం చదివించడం, కూరగాయలు కోయడం అబ్బాయికి అప్పగిస్తే అతని మగతనానికి వచ్చే లోటేమీ లేదు. చెప్పిన పని చెప్పిన వేళకు ముగించడమనే అలవాటు అక్కడే పుడుతుంది.

ఫోను కూడా ఈ వదిలివేతలో భాగమే. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల గ్రామీణ పిల్లల మీద జరిగిన అసర్ 2023 సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడడం తెలిసినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. అదే సర్వేలో ప్రాంతీయ భాష పాఠం చదవగలిగిన అమ్మాయిలు 76 శాతం, అబ్బాయిలు 70.9 శాతం. లెక్కల్లో, ఇంగ్లిష్ చదవడంలో అబ్బాయిలే మెరుగు. ఫోను చదువును చెడగొట్టిందని ఈ అంకెలు రుజువు చేయవు. కాని అర్ధరాత్రి ఒక పిల్లవాడి చేతిలో ఏం వెలుగుతోందో అడిగే హక్కు ఇంట్లో ఎవరికీ లేదన్నట్టుగా పెంచుతున్నామేమో అన్న అనుమానం మాత్రం కలిగిస్తాయి. కౌమారంలో శరీరమే నిద్రవేళను ఆలస్యం చేస్తుంది, అది సోమరితనం కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతున్నారు. పొద్దున్నే బస్సు పట్టుకోవలసిన పిల్లవాడి ఫోను రాత్రి తొమ్మిదికి వంటింటి అలమరలోకి వెళ్తే, అతని మొదటి పీరియడ్ బాగుపడుతుంది. తండ్రి ఫోను కూడా అదే అలమరలోకి వెళ్తేనే ఈ నియమం నిలుస్తుంది.

తండ్రి అన్నప్పుడు ఈ ప్రాంతంలో ఒక కష్టం ఎదురవుతుంది. నిర్మల్, జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఊళ్లలో ఎందరో తండ్రులు దుబాయిలో, సౌదీలో, మస్కట్‌లో, బహ్రెయిన్‌లో ఉన్నారు. రెండేళ్లకోసారి వచ్చి నెల రోజులుండి పోతారు. ఆ కూలి మీదే ఇంటి స్లాబు లేచింది, పిల్లల ఫీజు కట్టారు, వాళ్ల త్యాగాన్ని తక్కువ చేసే మాట ఒక్కటీ నేను అనను. కాని పద్నాలుగేళ్ల కొడుకు పక్కన రోజూ కనిపించే పెద్ద మగమనిషి లేడన్నది నిజం. పూర్వం ఆ వయసు పిల్లవాడు నాగలి వెనక తండ్రితో నడిచేవాడు, లేదా నిర్మల్ కొయ్యబొమ్మలు చేసే నకాషీ ఇంట్లో పొనికి కొయ్య ముందేసుకుని పెద్దవాళ్ల పక్కన కూర్చునేవాడు. పనిలో పడి చదువు పోయేది, అది తప్పు. బడి ఆ పిల్లవాణ్ని పని నుంచి విడిపించింది, అది ఒప్పు. అయితే పనితో పాటు, పక్కన కూర్చుని ఓపికగా చెయ్యి తిప్పి చూపించే పెద్దమనిషి కూడా పోయాడు. ఆ చోటు ఖాళీగానే ఉంది. దాన్ని సీనియర్లు, సినిమా హీరోలు, చౌరస్తా దోస్తులు నింపుతున్నారు. మేనమామ, తాత, బాబాయి, పక్కింటి డిగ్రీ పిల్లవాడు, వ్యాయామ ఉపాధ్యాయుడు ఎవరైనా సరే, వారానికి రెండుసార్లు అరగంట అతనితో కూర్చునే మనిషి కావాలి. గల్ఫ్ నుంచి తండ్రి చేసే వీడియో కాల్‌లో "పైసలు ముట్టినయా" అన్న తరువాత "ఈ వారం ఏం పాఠం అయింది, చెప్పు విందాం" అన్న మాట ఒకటి చేరితే అదీ కొంత నింపుతుంది.

అలాంటి మనిషి వల్ల ఫలితం ఉంటుందా అన్న సందేహానికి షికాగో నుంచి మంచి జవాబు వచ్చింది. అక్కడ పేదవాడల మగపిల్లల కోసం 'బికమింగ్ ఎ మ్యాన్' అనే కార్యక్రమం నడుస్తుంది. వారానికి ఒక గంట, ఒక పెద్దమనిషి, గుండ్రంగా కూర్చున్న కొందరు పిల్లలు. అందులో ఒక ఆట ఉంది. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి ఒకరి చేతిలో బంతి పెడతారు. రెండోవాణ్ని అర నిమిషంలో దాన్ని తీసుకొమ్మంటారు. దాదాపు ప్రతివాడూ పిడికిలి విప్పదీయడానికి పెనుగులాడతాడు, కింద పడతారు, చొక్కా నలుగుతుంది. సమయం అయిపోయాక పెద్దాయన ఒక్కటే అడుగుతాడు: బంతి ఇమ్మని అడిగి చూశావా? బంతి పట్టుకున్నవాణ్ని అడుగుతాడు: అడిగితే ఏం చేసేవాడివి? ఇచ్చేసేవాణ్ని అంటాడు వాడు. కోపానికీ చేతికీ మధ్య ఒక క్షణం ఆగడం ఇలా నేర్పుతారు. లాటరీ పద్ధతిలో పిల్లలను ఎంచి పరిశోధకులు పోల్చి చూస్తే, హింసాత్మక నేరాల్లో అరెస్టులు కార్యక్రమం నడిచిన కాలంలో సగం దాకా తగ్గాయి. మొదటి అధ్యయనంలో హైస్కూలు పూర్తి చేసినవాళ్లు పన్నెండు నుంచి పంతొమ్మిది శాతం పెరిగారు. షికాగో ఎక్కడ, మన నిర్మల్ జిల్లా ఖానాపూర్ ఎక్కడ అనవచ్చు. అక్కడి తుపాకులు మనకు లేవు, నిజమే. కాని "ఏం చూస్తున్నవ్ రా" అన్న ఒక్క మాట మీద బస్టాండులో కొట్లాటకు దిగే పదహారేళ్ల పిల్లవాడు మనకూ ఉన్నాడు.

ఇక దెబ్బల సంగతి. మగపిల్లలకు క్రమం కావాలని చెప్పగానే కొందరు బెత్తం వైపు చూస్తారు, ఆడపిల్లకు మాట చాలు, మగవాడికి దెబ్బ పడాలంటారు. ఆ దెబ్బలు తక్కువేమీ పడడం లేదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పదమూడు రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో మూడింట రెండు వంతుల మంది పిల్లలు శారీరక హింసకు గురయ్యామన్నారు, వాళ్లలో సగానికి పైగా అబ్బాయిలు. దెబ్బే చదివించేదైతే అబ్బాయిలు ఎప్పుడో ముందుండాలి. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ యాభై ఏళ్ల పరిశోధనలను, లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల సమాచారాన్ని కలిపి 2016లో చూస్తే, దెబ్బ తిన్న పిల్లల్లో ఎదురుతిరగడం, దూకుడు, మానసిక సమస్యలు ఎక్కువగా కనిపించాయి, మేలు కనిపించలేదు. విద్యాహక్కు చట్టం 2009లోనే బడిలో కొట్టడాన్నీ, మనసు గాయపరచడాన్నీ నిషేధించింది. ఆ 2007 అధ్యయనంలోనే ఇంకొక సంగతి ఉంది, మనం మాట్లాడుకోవడానికి ఇష్టపడనిది. లైంగిక వేధింపులకు గురయ్యామన్న పిల్లల్లో సగానికి పైగా అబ్బాయిలే. మగపిల్లవాడు ఏడవొద్దని నేర్పిన ఇంట్లో, ఆ పిల్లవాడు ఆ మాట ఎవరికి చెప్పుకుంటాడు? మార్కులు ఒక్కసారిగా పడిపోయిన, తిండి మానేసిన, ఒంటరిగా తిరిగే అబ్బాయిని తిట్టేముందు ఏమైందని అడగాలి. పిల్లలకు సాయం చేసే 1098, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ 14416, ఈ రెండు నంబర్లూ ఉచితం. వాటిని మగపిల్లల హాస్టల్ గోడ మీద కూడా రాయాలి.

ఆఖరి అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. వేల ఏళ్లు ఆడపిల్లను చదువుకు దూరం పెట్టి, ఇప్పుడిప్పుడే ఆమె ముందుకు వస్తుంటే అబ్బాయిల మీద జాలి మొదలెట్టారా అని అడుగుతారు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో మగవాళ్ల అక్షరాస్యత దాదాపు 75 శాతం, ఆడవాళ్లది 58 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. అడిగేవాళ్ల కోపం న్యాయమైనది. అమ్మాయిలకు ఇస్తున్నదానిలో ఒక్క రూపాయి కూడా తగ్గించమని ఈ అధ్యాయం అడగదు. కాని అదే సర్వేలో పదిహేనేళ్లు దాటిన తెలంగాణ మగవాళ్లలో 43.3 శాతం మంది మద్యం తాగుతామన్నారు. చదువు వదిలేసి, మాట్లాడడం రాక, కోపం ఆపుకోవడం నేర్వక పెరిగిన అబ్బాయి రేపు ఎవరికో భర్త, ఎవరికో తండ్రి. చదువుకున్న అమ్మాయి అతనితోనే బతకాలి. 2022లో యునెస్కో మగపిల్లల చదువు మీద ప్రత్యేక నివేదిక వేసినప్పుడు కూడా, అబ్బాయిల కోసం చేసే పని అమ్మాయిల సమానత్వానికి సాయమేనని చెప్పింది. అబ్బాయి వెనకబడడం వల్ల అమ్మాయికి దొరికేదేమీ లేదు.

కాబట్టి అడిగేది కొంచెమే. పదో తరగతిలో స్పెషల్ క్లాసుల కోసం చలిలో లేచిన సార్లు, మేడమ్‌లు తమ పిల్లల జాబితాను వాళ్లు చేరిన కాలేజీకి ఒక్కసారి పంపాలి, ఎవరికి తోడు కావాలో గుర్తుపెట్టి. కాలేజీలో మొదటి మూడు నెలలు ప్రతి పాతిక మందికి ఒక లెక్చరర్ పేరు ఉండాలి, రెండు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ పోవాలి, పదో తరగతిలో పోయినట్టే. ఆటల పీరియడ్‌ను ఎవరూ మింగేయకూడదు. ఇంట్లో అమ్మానాన్నలు కూతురిని అడిగే మాటలే కొడుకునూ అడగాలి: ఎన్నింటికి వస్తవ్, ఎవరితోని ఉన్నవ్, ఇయ్యాల ఏం చెప్పిండ్రు? 2024లో మన రాష్ట్రంలో ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్ష రాసిన అబ్బాయిల్లో దాదాపు ఇద్దరికి ఒకరు తప్పారు. కొత్త బ్యాచ్ జూన్‌లో చేరుతుంది.